అల్లి చూశాకే అక్షరం రాసిన థెరీజ్

ఆవకాయ ఎలా పెట్టాలని కొత్త కోడలు అడిగితే మన పెద్దవాళ్ళు ఏమంటారు? పక్కన నిలబడి చూసి నేర్చుకోమంటారు. ఉప్పెంత, కారమెంత అంటే చేతికొలత అంటారు. కుట్లూ అల్లికలూ కూడా మనకి అలాగే వచ్చాయి. పక్కింటి పిన్నిగారు లేసు అల్లుతుంటే దగ్గర కూర్చుని చూస్తాం. ఆవిడ సూది ఎటు తిప్పితే మనమూ అటే తిప్పుతాం. నాలుగు రోజులకి చెయ్యి తిరుగుతుంది.

మరి పక్కింట్లో అలాంటి పిన్నిగారు లేనివాళ్ళ సంగతేమిటి? పెళ్ళయి కొత్త ఊరు వెళ్ళినవాళ్ళు, నేర్పే మనిషి దొరకనివాళ్ళు ఏం చెయ్యాలి? ఇవాళంటే ఫోనులో వీడియో పెట్టుకుని నేర్చుకుంటున్నాం. దాదాపు నూట నలభై ఏళ్ళ కిందట ఈ ప్రశ్న ఒకావిడని పట్టుకుంది. చేతికి తెలిసినదంతా కాగితం మీద పెట్టాలని ఆవిడ కూర్చుంది. కన్నం పడ్డ గుడ్డకి రఫ్ వెయ్యడం దగ్గర్నించి బంగారు జరీ ఎంబ్రాయిడరీ దాకా, అల్లిక సూదుల పని దగ్గర్నించి క్రోషియా దాకా అన్నీ ఒకే పుస్తకంలోకి ఎక్కించింది. ఆవిడ పేరు థెరీజ్ ద డిల్‌మాంట్. కుట్టుపని చేసేవాళ్ళలో యూరప్ అంతా తెలిసిన పేరు. మన దగ్గర మాత్రం ఆ పేరు అంతగా వినపడదు.

నేను కథలు రాసుకునే మనిషిని. ఒక పాత్ర కళ్ళనీళ్ళు పెట్టుకోవడం రాయడం తేలికే. అదే పాత్ర క్రోషియా సూదిని ఏ పోగు కిందనుంచి దూర్చి ఎలా లాగిందో రాయాలంటే పేజీ చాలదు. అందుకే ఈవిడ కథ నన్ను అంతగా పట్టేసింది.

వియన్నాకి దగ్గర్లో పుట్టి

థెరీజ్ 1846 అక్టోబర్ 10న ఆస్ట్రియాలోని వీనర్ నాయిష్టాట్ అనే ఊళ్ళో పుట్టింది. వియన్నాకి దక్షిణంగా యాభై కిలోమీటర్ల దూరం. మహారాణి మరియా థెరీసా 1751లో పెట్టిన సైనిక అకాడమీ ఆ ఊళ్ళోనే ఉంది. థెరీజ్ తండ్రి ఫెర్డినాండ్ ఆ అకాడమీలో పాఠాలు చెప్పేవాడు. అయిదుగురు పిల్లల్లో ఈవిడే ఆఖరిది.

ఆ రోజుల్లో అలాంటి ఇళ్ళలో ఆడపిల్లకి కుట్టుపని నేర్పడం మామూలే. మన అమ్మమ్మల కాలంలో ముగ్గులూ పాటలూ నేర్పినట్టే. పిల్ల చేతిలో సూది ఉంటే ఇంటికి అందం, రేపు పెళ్ళిచూపుల్లో చూపించుకోవడానికి ఒక రుమాలో, బల్లమీద గుడ్డో. అక్కడితో ఆ విద్య అయిపోయేది. ఆ పనితో ఒక ఆడది బతకొచ్చనీ, దాన్ని ఒక శాస్త్రంలా కూర్చొచ్చనీ ఎవరూ అనుకోలేదు.

థెరీజ్ అనుకుంది. అక్క ఫ్రాంజిస్కాతో కలిసి వియన్నాలో ఎంబ్రాయిడరీ పనిశాల పెట్టింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ తమ చేతిపనినే నమ్ముకుని వ్యాపారం నడిపారు. ఇంట్లో కూర్చుని కుట్టుకోవడానికీ, డబ్బిచ్చేవాళ్ళకి కుట్టి ఇవ్వడానికీ ఎంత తేడా ఉందో ఇంటిదగ్గర బ్లౌజులు కుట్టే ఎవరినడిగినా చెబుతారు. కుట్టు సరిగ్గా రాకపోతే మన గుడ్డయితే మనమే సర్దుకుంటాం. కొనేవాళ్ళు సర్దుకోరు. ఎంత దారం పడుతుంది, ఎన్ని గంటలు పడుతుంది, ఉతికితే రంగు నిలుస్తుందా, ఇవన్నీ ముందే లెక్క తెలియాలి. పుస్తకం రాయకముందు ఆవిడకి ఈ లెక్కలన్నీ పనిశాలలోనే చేతికి వచ్చాయి.

పారిస్‌లో కలిసిన పెద్దాయన

1878లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. దేశదేశాల యంత్రాలూ, వస్తువులూ, బట్టలూ, కళలూ ఒక్కచోట పెట్టిన పెద్ద తిరునాళ్ళ అనుకోండి. అక్కడ థెరీజ్‌కి జాన్ డోల్ఫ్యూస్ అనే పెద్దమనిషి పరిచయమయ్యాడు. అప్పటికి ఆయన వయసు దాదాపు డెబ్భై ఎనిమిది. మ్యూలూస్ పట్నంలో డోల్ఫ్యూస్ మీగ్ కంపెనీ ఆయన కుటుంబానిదే. ఎంబ్రాయిడరీ దారాలు కొనేవాళ్ళకి డి.ఎం.సి. అనే మూడక్షరాలు తెలిసే ఉంటాయి. ఆ కంపెనీయే ఇది.

1746లో ఆ సంస్థ గుడ్డల మీద రంగురంగుల అద్దకం వేసే పనితో మొదలైంది. 1800లో డోల్ఫ్యూస్ ఇంటి అబ్బాయి మీగ్ ఇంటి అమ్మాయిని చేసుకోవడంతో రెండు ఇళ్ళ పేర్లూ కలిశాయి. తర్వాత దారాల తయారీలోకి దిగింది. జాన్ డోల్ఫ్యూస్ ఆ ఊరికి మేయరుగా కూడా చేశాడు. మిల్లుల్లో పనిచేసేవాళ్ళు నెలనెలా కొంత కట్టుకుంటూ సొంత ఇంటివాళ్ళయ్యేలా 1853 నుంచి ఇళ్ళ కాలనీ కట్టించడంలో ముందు నిలిచిన మనిషి.

ఆ పెద్దాయనకి దారం అమ్మాలి. దారం అమ్ముడవ్వాలంటే దాంతో ఏం చెయ్యొచ్చో ఆడవాళ్ళకి తెలియాలి. థెరీజ్‌కి తన విద్యని నలుగురికీ అందించాలి. దానికి డబ్బూ, అచ్చుయంత్రమూ, బొమ్మలు గీసేవాళ్ళూ కావాలి. ఇద్దరి అవసరాలూ అలా కలిశాయి. ఇందులో వ్యాపారం ఉందా అంటే, ఉంది. పుస్తకంలో ఏ నమూనాకి ఆ నమూనా పక్కన డి.ఎం.సి. వారి ఫలానా దారం, ఫలానా నంబరు వాడమని రాసే ఉంటుంది. దాన్ని దాచిపెట్టనూ లేదు. అయితే ఆ దారం కొనని మనిషికి కూడా పుస్తకంలోని విద్య అంతా అందుతుంది. ఆవిడ గొప్పతనం అక్కడుంది.

1884లో ఆవిడ వియన్నా పనిశాల వదిలేసి మ్యూలూస్ పక్కనే ఉన్న డోర్నాక్‌కి వెళ్ళిపోయింది. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిదేళ్ళ వయసు. ఆ వయసులో, ఒంటరిగా, పుట్టిన దేశం వదిలి ఇంకో దేశంలో కొత్త పని మొదలుపెట్టడమంటే 1884లో చిన్న విషయం కాదు. ఆ ప్రాంతం కూడా ప్రశాంతంగా ఏమీ లేదు. ఒకప్పుడు ఫ్రాన్సుది. 1870-71 యుద్ధం తర్వాత జర్మనీ చేతుల్లోకి వెళ్ళింది. 1918 దాకా అలాగే ఉంది. అక్కడ రెండు భాషలూ, రెండు అభిమానాలూ. ఆ మధ్యలో ఆవిడ ఒక ఎంబ్రాయిడరీ పాఠశాల పెట్టి కంపెనీతో కలిసి పనిచెయ్యడం మొదలుపెట్టింది.

సూది చేత్తో పట్టుకుని రాసిన పుస్తకం

రెండేళ్ళలో, 1886లో, పుస్తకం వచ్చింది. ఫ్రెంచి పేరుకి అర్థం ఆడవారి చేతిపనుల విజ్ఞాన సర్వస్వం. ఇంగ్లీషులో ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ నీడిల్‌వర్క్ అన్నారు. తర్వాత తర్వాత పదిహేడు భాషల్లోకి వెళ్ళింది.

ఆ పుస్తకం ఇంగ్లీషు ప్రతి ఇప్పుడు కాపీరైటు లేకుండా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతోంది. పిల్లలు బడికి వెళ్ళాక, వంటిల్లు సర్దుకున్నాక, దాదాపు నెలరోజులు మధ్యాహ్నాలు దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. చదువుతున్నకొద్దీ నాకు ఒకటి అర్థమైంది. ఇది రాసినావిడ ఊహించి రాయలేదు. ఒక చేత్తో చేసి చూసుకుంటూ ఇంకో చేత్తో రాసింది. ముందుమాటలో ఆ సంగతి ఆవిడే చెప్పుకుంది. కుట్టుపని పుస్తకాల్లో తనకి కనిపించిన లోటు తీర్చాలని పూనుకున్నాననీ, నమూనాలని మళ్ళీ కొత్తగా తన చేత్తో చేసి చూసుకున్నాననీ, అసలు అలవాటు లేనివాళ్ళకి కూడా అర్థమయ్యేలా ఉండాలన్నదే తన ఉద్దేశమనీ.

పుస్తకం ఎక్కడ మొదలవుతుందో చూడండి. గొప్ప గొప్ప ఎంబ్రాయిడరీతో మొదలవదు. మామూలు చేతికుట్టుతో మొదలవుతుంది. దానికంటే ముందు ఎలా కూర్చోవాలో చెబుతుంది. ఏ కుట్టుపనికీ నడుం వంచుకుని, మెడ వేలాడేసుకుని కూర్చోనక్కర్లేదంటుంది. కుర్చీ ఎత్తూ బల్ల ఎత్తూ ఒకదానికొకటి సరిపోవాలి. గుడ్డని మోకాలికి గుచ్చుకుని కుట్టడం చూడ్డానికి బాగోదు, ఒంటికీ మంచిది కాదు అంటుంది. సూది దారం కంటే కాస్త లావుండాలి, అప్పుడే దారం గుడ్డలోంచి సులువుగా పోతుంది. దారాన్ని తెంపకూడదు, కత్తిరించాలి. ఇవన్నీ మనకి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వాటిని కూడా రాయదగ్గ విషయాలుగా ఎంచినావిడ ఈవిడ.

రెండో అధ్యాయం నాకు మరీ నచ్చింది. అది చిరుగుల బాగు గురించి. మేజోడుకి కన్నం పడితే ఎలా అల్లాలి, దుప్పటి చిరిగితే రఫ్ ఎలా వెయ్యాలి, అతుకు ఎలా కనపడకుండా పెట్టాలి, అన్నీ బొమ్మలతో సహా. ఈ పనికి మెప్పు రాదని ఆవిడకీ తెలుసు. అయినా పాతదాన్ని కనపడకుండా బాగుచెయ్యడం కొత్తది తయారుచెయ్యడమంత విలువైన విద్యే అని ఆవిడ లెక్క. ఇంట్లో అలాంటి పనులు రోజూ చేస్తూ ఎవరి నోటా ఒక్క మంచిమాట వినని మనలాంటి వాళ్ళకి ఆ పేజీలు చదువుతుంటే ఎవరో భుజం తట్టినట్టుంటుంది.

ఆ తర్వాత దారాలు లాగి చేసే పని, తెల్లదారం ఎంబ్రాయిడరీ, జరీ పని, కాన్వాసు మీద పని, అల్లిక సూదుల పని, వలపని, టాటింగ్, క్రోషియా, మాక్రమే, సూదితో చేసే లేసు, దిండు మీద కండెలతో చేసే లేసు. వందల కొద్దీ బొమ్మలు. ఈజిప్టు, బల్గేరియా, టర్కీ, చైనా లాంటి దేశాల నమూనాలు కూడా ఆవిడ పోగుచేసింది. పుస్తకం ఎలాంటిదంటే, ఏ పేజీ తీసినా దానికి ముందు పేజీలో చెప్పనిది ఏదీ అడగదు.

క్రోషియా అధ్యాయంలో ఒక చిన్న మలుపు

క్రోషియా అంటే ఫ్రెంచిలో చిన్న కొక్కెం. సూది కొసన ఉండే ఆ వంపే పనికి పేరైంది. థెరీజ్ ముందు చైను నేర్పుతుంది. తర్వాత మనం సింగిల్ క్రోషియా అనే పొట్టి కుట్టు. ఇక్కడిదాకా ఏ పుస్తకమైనా చెబుతుంది. ఆ తర్వాతే ఆవిడ తెలివి కనిపిస్తుంది. కొత్త కుట్టు నేర్పకుండా, అదే కుట్టుని సూది దూర్చే చోటు మార్చి చూపిస్తుంది. రెండు పోగుల కిందనుంచి దూరిస్తే ఒక రకం, వెనక పోగు ఒక్కదాని కిందనుంచి దూరిస్తే ఇంకో రకం. చెయ్యి చేసే పని ఒకటే. గుడ్డ మాత్రం వేరే గుడ్డలా తయారవుతుంది.

వెనక పోగుతో వేసే దాన్ని ఇంగ్లీషు ప్రతిలో రిబ్డ్ స్టిచ్ అన్నారు. నేను గట్ల కుట్టు అనుకుంటాను. వరిచేలో గట్లు వేసినట్టు గుడ్డ మీద వరసగా ఉబ్బెత్తు గీతలు లేస్తాయి. చైనూ, సింగిల్ క్రోషియా తడుముకోకుండా వేసేవాళ్ళెవరైనా ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు. ఇలా చెయ్యండి.

మొదట మధ్యరకం లావు ఉన్ని దారం, 4 మి.మీ. సూది తీసుకోండి. లేతరంగు దారమైతే మంచిది. నల్లదీ ముదురు నీలమూ అయితే పోగులు కంటికి కనపడవు. సన్నటి నూలు దారం చెయ్యి తిరిగాక చూసుకోవచ్చు.

21 చైన్లు వెయ్యండి. సూది నుంచి రెండో చైనులో మొదటి సింగిల్ క్రోషియా వేసి, మిగతా ప్రతి చైనులో ఒక్కొక్కటి వేసుకుంటూ చివరిదాకా వెళ్ళండి. లెక్కపెడితే 20 కుట్లు రావాలి. ఒక చైను వేసి పనిని తిప్పండి.

ఇప్పుడు కాస్త ఆగి అల్లిన దాని పై అంచు చూడండి. ప్రతి కుట్టు నెత్తిన రెండు పోగులు కలిసి పడుకున్న జడపాయల్లా ఉంటాయి. ఒకటి మీ వైపు, ఒకటి అవతలి వైపు. మామూలుగా రెండిటి కిందనుంచీ సూది దూరుస్తాం. ఇప్పుడు మీ వైపు ఉన్నదాన్ని వదిలేసి, అవతలి పోగు కిందనుంచి మాత్రమే దూర్చండి. దారం లాగండి, మళ్ళీ దారం వేసి సూది మీద ఉన్న రెండిటిలోంచీ లాగండి. ఇలా 20 కుట్లూ అయ్యాక, ఒక చైను వేసి తిప్పి, మళ్ళీ అలాగే. ప్రతి వరసలోనూ అవతలి పోగే.

నాలుగు వరసలు అయ్యేసరికి గట్లు కనిపించడం మొదలవుతుంది. రెండు వరసలకి ఒక గట్టు. ఎందుకలా అంటే, మీరు వదిలేసిన పోగు ఊరికే పోదు. పైన గీతలా నిలబడిపోతుంది. ప్రతి వరసకీ పనిని తిప్పుతున్నాం కాబట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు పడుతుంది. దాంతో గుడ్డ హార్మోనియం తిత్తిలా మడతలు పడుతుంది. పట్టుకుని లాగితే సాగుతుంది, వదిలితే దగ్గరకొస్తుంది. రెండు వైపులా ఒకేలా ఉంటుంది. తప్పువైపు అనేది ఉండదు.

జాగ్రత్త పడాల్సినవి మూడు. వరస చివరి కుట్టు నెత్తి కాస్త వాలి దాక్కుంటుంది. అది తప్పిపోతే గుడ్డ ఏటవాలుగా సన్నబడిపోతుంది. ప్రతి వరస మొదటి కుట్టుకి ఒక రంగుదారం ముక్కో, పిన్నీసో తగిలిస్తే తిరిగి వచ్చేటప్పుడు అదే చివరి కుట్టు అని తెలుస్తుంది. రెండోది, ప్రతి వరసా 20 లెక్కపెట్టాల్సిందే. మూడోది, ఒక్క పోగు మీదే వేస్తాం కాబట్టి అల్లిక కొంచెం వదులవుతుంది. మరీ వదులైతే ఒక సైజు చిన్న సూది తీసుకోండి.

ఈ కుట్టుతో స్వెట్టరు చేతి పట్టీ చాలా బాగుంటుంది. పట్టీ ఎంత వెడల్పు కావాలో అంత చైను వేసుకోండి. మణికట్టు చుట్టూ తిరిగేదాకా వరసలు వేసుకుంటూ పోండి. తర్వాత పక్కకి తిప్పి రెండు అంచులూ కలిపి కుట్టెయ్యండి. గట్లు నిలువుగా వస్తాయి, చేతికి పట్టి ఉంటుంది. నూలుదారంతో వేస్తే గిన్నెల కింద పెట్టుకునే మందపాటి చాపలా కూడా పనికొస్తుంది.

నలభై మూడేళ్ళకే

మళ్ళీ థెరీజ్ దగ్గరికి వద్దాం. పుస్తకం వచ్చిన మరుసటేడు, 1887లో, జాన్ డోల్ఫ్యూస్ కన్నుమూశాడు. పని ఆగలేదు. ఆవిడ పేరుతో వియన్నా, పారిస్, లండన్, బెర్లిన్ లాంటి రాజధానుల్లో చేతిపని దుకాణాలు నడిచాయి. ఒక ఆడమనిషి పేరు నాలుగు మహానగరాల్లో బోర్డు మీద ఉందంటే, ఆ రోజుల్లో ఎంతమందికి దక్కి ఉంటుంది ఆ మాట?

1889లో వియన్నాకి చెందిన ఒక వర్తకుణ్ణి పెళ్ళి చేసుకుంది. నలభై దాటాక పెళ్ళి. ఎంతో కాలం గడవలేదు. 1890 మే 22న జర్మనీలోని బాడెన్ బాడెన్‌లో చనిపోయింది. నలభై మూడేళ్ళు. పుస్తకం వచ్చి నాలుగేళ్ళే అయింది. అది ఎన్ని భాషల్లోకి, ఎన్ని ఇళ్ళలోకి వెళ్ళబోతోందో ఆవిడ చూడనేలేదు.

ఆవిడ పోయాక కూడా ఆ పేరు పోలేదు. కుటుంబంలో తర్వాతి తరంలో అదే పేరున్న అమ్మాయి వ్యాపారాన్ని కొనసాగించింది. కంపెనీ వాళ్ళు దశాబ్దాల తరబడి నమూనాల పుస్తకాలు వేస్తూ వచ్చారు. విజ్ఞాన సర్వస్వం కొత్త కొత్త ముద్రణల్లో వస్తూనే ఉంది. యూరప్‌లో ఎందరో అమ్మాయిలు దాన్ని అమ్మ పెట్టెలోంచి తీసుకున్నారు.

అదే కొక్కెం, మన గోదావరి ఒడ్డున

ఆవిడ కథ చదువుతుంటే నాకు పదేపదే మన నరసాపురం గుర్తొచ్చింది. ఈవిడకీ ఆ ఊరికీ సంబంధం ఉందని కాదు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకటే కొక్కెం సూది.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ సూది చాలామంది పేదింటి ఆడవాళ్ళకి కూడు పెట్టింది. 1845 తర్వాత ఐర్లండులో బంగాళాదుంప పంట తెగులుకి పోయి ఘోరమైన కరువొస్తే, అక్కడి కాన్వెంట్లలో నన్స్ ఆడపిల్లలకి క్రోషియా లేసు నేర్పి నాలుగు డబ్బులు వచ్చేలా చేశారు. అదే శతాబ్దంలో మన గోదావరి జిల్లాలకి వచ్చిన క్రైస్తవ మిషనరీలు కూడా ఇక్కడి ఆడవాళ్ళకి ఈ అల్లిక నేర్పారు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో అరుగుల మీద కూర్చుని లేసు అల్లే చేతులు అప్పటినుంచీ ఆగలేదు. ఆ లేసు ఓడలెక్కి విదేశాలకి వెళ్ళింది.

వెళ్ళిన లేసు మీద అల్లినామె పేరు లేదు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ ఊళ్ళకి వచ్చి, ఆ ఆడవాళ్ళతో మాట్లాడి, 1982లో ఒక పుస్తకం వేసింది. అందులో ఆవిడ చూపించిన సంగతి ఇది. ఇంటిచాకిరీ అంతా చేసుకుంటూ రోజూ గంటల తరబడి లేసు అల్లే ఆ ఆడవాళ్ళని పనివాళ్ళుగా ఎవరూ లెక్కెయ్యలేదు. ఇంట్లో ఊరికే కూర్చునే ఆడవాళ్ళు తీరిక వేళల్లో చేసే పని అన్నారు. తీరిక వేళ పని కాబట్టి కూలీ కూడా అలాగే కట్టారు. సరుకు ఎగుమతి చేసే వ్యాపారం మాత్రం మగవాళ్ళ చేతుల్లో పెరిగింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకి ముద్ర పడింది, సంతోషమే. అల్లినవాళ్ళ పేర్లు మాత్రం ఇంకా రావాలి.

థెరీజ్ కూడా అందరిలాగే ఆ సూది పట్టింది. ఆవిడకి చదువుంది, డబ్బున్న కంపెనీ అండ ఉంది, అచ్చు వేసేవాళ్ళున్నారు. మన లేసు అల్లేవాళ్ళకి అవేవీ లేవు. ఆ తేడాని మర్చిపోయి ఆవిణ్ణి పొగడ్డం న్యాయం కాదు. అయితే తన చేతిపనిని తీరిక వేళ పని అనుకోవడానికి ఆవిడ ఒప్పుకోలేదు. ఒక్కో కుట్టునీ లెక్కపెట్టి, కొలిచి, బొమ్మ వేయించి, నంబరు ఇచ్చి, కింద తన పేరు పెట్టుకుంది. మన ఇళ్ళలో ఎందరి చేతుల్లో ఎంత విద్య ఉండి, వాళ్ళతోపాటే వెళ్ళిపోయిందో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. అత్తగారు అల్లిన తలుపు తెర ఉంటుంది, ఆ నమూనా ఎలా వెయ్యాలో ఇంట్లో ఎవరికీ రాదు. బామ్మ బల్ల గుడ్డ ఉంటుంది, అంచులోని ఆ పువ్వు ఎన్ని చైన్లతో మొదలైందో చెప్పేవాళ్ళుండరు.

ఈ వారం ఒక పని చేద్దామా? మీ ఇంట్లో ఉన్న పెద్దావిడ దగ్గర కూర్చోండి. ఆవిడకి వచ్చిన ఒక్క కుట్టు, ఒక్క అల్లిక అడగండి. ఆవిడ చేస్తుంటే మీరూ సూది పట్టుకుని చెయ్యండి. ఎన్ని చైన్లు, ఏ పోగు, ఎన్నో వరసలో తిప్పాలి, అన్నీ పిల్లల పాత నోటుపుస్తకంలో రాయండి. పక్కన ఒక చిన్న బొమ్మ గీయండి. రాసింది చూసి మళ్ళీ అల్లండి. అల్లిక సరిగ్గా వస్తే మీరు రాసింది సరిగ్గా ఉన్నట్టే. ఆ పేజీ కింద ఆవిడ పేరూ, ఊరూ, తేదీ వెయ్యడం మర్చిపోకండి.